గీతవృత్తి: శ్రమ, ప్రతిఫలము, సాధనములు

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఇట్టి సభలలో కులచరిత్రమును గూర్చియు, విద్యను గూర్చియు, శాసనసభలలో మన ప్రాతినిధ్యమును గూర్చియు పెద్దలు ప్రసంగించుట ఆచారము. అవి యన్నియు వలసినవే. నేనీ దినమున అంతకంటె చిన్న వస్తువును గూర్చి మనవి చేయదలచితిని. అది త్రాడు. గీతపనివాని నడుమునకును తాటిమ్రానునకును మధ్యనుండు మోకు. దాని ఆయువెంత, అది తెగిననాడు ఆ కుటుంబమునకు దిక్కెవరు, ప్రతిదినము దానిపై ప్రాణమునుంచి పనిచేయువానికి వచ్చు ప్రతిఫలమెట్టిది అనునవి నా ప్రసంగ విషయములు. మనము కల్లును గూర్చి నూరేండ్లుగా మాటలాడుచున్నాము. త్రాడును గూర్చి మాటలాడలేదు. ఈ లోపమును సభవారి దృష్టికి దెచ్చుటయే నా యుద్దేశము.

గీత యనగా నేమి?

మనము గౌడులమని, ఈడిగలమని, యాతలమని, శెట్టిబలిజలమని, శ్రీశయనులమని ప్రాంతమునకొక పేరున పిలువబడుచున్నాము. పేర్లు వేఱైనను వృత్తిని తెలుపు మాట యొక్కటే: గీత. గీయుట వేఱు, నఱకుట వేఱు. నఱకుటకు బలము చాలును. గీయుటకు చేతి నిదానము కావలెను.

తాటిచెట్టునందు పోతుతాడు, పెంటితాడు అని రెండు జాతులు గలవు. ఏ మొక్క పోతగునో, ఏది పెంటియగునో అది పుష్పించువఱకు తెలియదు. పుష్పించుటకు పండ్రెండు మొదలు ఇరువదియేండ్లవఱకు పట్టును. అట్లు పెరిగిన చెట్టున గెల వెలువడగానే గీతపనివాడు పైకెక్కి, గెలలను కూర్చి కట్టి, దినదినము మెల్లగా నొక్కి మెత్తపఱచి, కొనను పలుచగా గీసి రసము దారిపట్టునట్లు చేయును. కోత మందమైనచో గెల త్వరగా అయిపోవును. కోత చాలనిచో గాయము మూసికొని రసము నిలిచిపోవును. కనుక ప్రతిదినము ఉదయము, సాయంకాలము ఎక్కి, కాగితమంత పొర మాత్రము తీసి, లొట్టిని మార్చి దిగవలెను. ఈతచెట్టునకు గెలను గాక తలయొద్ద కాండమునే గీయుదురు. అక్కడ కత్తి లోతు తప్పెనా, చెట్టు ప్రాణమే పోవును. ఒకే చెట్టును ఏండ్లతరబడి గాయపఱచుచు, దానిని చావనీయక పోషించు పని యిది.

పశ్చిమ దేశములలో ఎత్తైన చెట్లెక్కి కొమ్మలను కత్తిరించి, రోగము తగిలిన భాగములను తొలగించు పనివారిని చెట్ల శస్త్రవైద్యులని పిలుచుదురు. ఆ పేరు మన గీతపనివానికి మఱింత తగియున్నదని నా అభిప్రాయము. అయినను లోకము అతనిని వైద్యుడనలేదు, కల్లువాడనినది. అతని చేతనున్న విద్యను వదలి, కుండలోనున్న ద్రవమును బట్టి అతనికి పేరు పెట్టినది. ప్రభుత్వములును అట్లే చూచినవి. ఈ చూపునుండియే తక్కిన కష్టములన్నియు పుట్టినవి.

ఒకనాటి శ్రమ

శ్రమను లెక్కవేసి చూతము. ఒక పనివాడు ఇరువది చెట్లు గీయుచున్నాడనుకొందము. ఒక్కొక్క చెట్టు అరువది అడుగుల ఎత్తనుకొందము. పూట కిరువది చెట్లు, దినమునకు రెండు పూటలు. ఎక్కుటయే దినమునకు 2,400 అడుగులు. దిగుట మఱియొక 2,400 అడుగులు. నూటయిరువది దినముల గీతకాలమున అతడెక్కిన ఎత్తు 2,88,000 అడుగులు. ఎవరెస్టు శిఖరము సముద్రమట్టమునకు 29,032 అడుగుల ఎత్తున నున్నది. అనగా మన పనివాడు ఒక్క ఋతువులో ఎవరెస్టునకు సుమారు పదిరెట్ల ఎత్తు ఎక్కుచున్నాడన్నమాట. మహాశివరాత్రినాడు కోటప్పకొండ మెట్లెక్కి వచ్చిన భక్తుడు రెండుదినములు కాళ్ళు పట్టించుకొనును. ఇతనికి మఱునాటి ఉదయమున మరల అవియే చెట్లు.

ఈ లెక్కలో ఎండ చేరలేదు. గీతకాలము పుష్యమాసమున మొదలై రోహిణికార్తె యెండలవఱకు సాగును. మన జిల్లాల యెండ యెట్టిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. తెల్లవారుజామున మంచుకు మ్రాను తడిసియుండును. అకాలపు జల్లు పడినచో కాలు జారును. తాటిమట్టల రంపపుపండ్లు ముంజేతులను చీల్చును. ఆకుల సందున తేలు, తొండ, కందిరీగ, ఒక్కొక్కప్పుడు పాము కాపురముండును. అరువది అడుగుల ఎత్తున కందిరీగ కుట్టినప్పుడు చేయి విదలించుటకు వీలులేదు. చిన్నతనముననే ఎక్కుట మొదలిడిన పెద్దల అరికాళ్ళను, మోకాళ్ళను, రొమ్మును చూడుడు. కాయలు కాచి, ఆ చర్మమే చెట్టుబెరడువలె నుండును.

సాధనములు

ఈ పనికి సాధనములెన్ని? నడుమునకు చెట్టునకు చుట్టుకొను మోకు, పాదములకు తగిలించుకొను బంధము, రెండు మూడు గీతకత్తులు, కత్తి నూరుకొను చెక్క, గెలను నొక్కు చెక్కలు, లొట్లు, వానికి పూయు సున్నము. మన తాతలు కంఠమహేశ్వరస్వామికి మ్రొక్కి ఈ సాధనములనే చేతబట్టిరి. నేటికిని అనేక గ్రామములలో ఇవియే సాధనములు.

వీనిలో కత్తిని గూర్చి మనవారు చూపు శ్రద్ధ మెచ్చదగినది. ప్రతిదినము నూరుదురు, అంచును గోటిపై పరీక్షింతురు, ఒరలో నుంచి గాని కదలరు. ఏలయన కత్తి మొద్దుబాఱినచో కల్లు తగ్గును. మోకును గూర్చి అంత శ్రద్ధ కానరాదు. మోకు పాతబడినంతమాత్రమున కల్లు తగ్గదు గదా! నారయు తోలును ఎండకు ఎండి, మంచుకు నాని, మ్రానుతో రాపిడి పొంది లోలోపల చివుకును. పైకి గట్టిగా కనబడును. తెగు దినమును ముందుగా చెప్పదు.

ఇందొక విషయము గమనింపదగును. మన పాతమోకు ఎక్కుటకు సాధనము. పడకుండుటకు సాధనము కాదు. మనిషి భారమంతయు నడుముకట్టు మీదను పాదముల మీదను పంచబడియుండును. పాదము జాఱినను, ముడి వదలినను, అతనిని నిలుపు రెండవ ఆధార మేదియు లేదు. ఇంగ్లండులోని చెట్ల శస్త్రవైద్యులకు ఇట్లుండదు. అక్కడ ఎక్కి పనిచేయువానికి వేఱ్వేఱు కట్టులతో రెండు ఆధారములుండవలెనను పద్ధతి నడచుచున్నది. మఱియు 1998వ సంవత్సరపు నిబంధనల ప్రకారము మనిషి భారమును మోయు సాధనములను ఆఱునెలల కొకమాఱు సమర్థుడైన పరీక్షకుడు చూచి, వ్రాతమూలకముగా తెలుపవలెను. పనికిరాని త్రాడును విసర్జింపవలెను. ఆ దేశపు మనిషి ప్రాణము బరువు, చినగంజాము గీతపనివాని ప్రాణము బరువు వేఱ్వేఱా యని నేను సభవారిని ప్రశ్నించుచున్నాను.

పొరుగువారు కొంత మేల్కొనిరి. కేరళమున కొబ్బరిచెట్లెక్కుటకు చెంబేరి వాసియగు ఎం. జె. జోసఫు గారు రూపొందించిన యంత్రము వ్యాపించినది. కొబ్బరి అభివృద్ధి మండలివారు 2011లో కొబ్బరిచెట్టు మిత్రులను శిక్షణ మొదలిడి, యువకులకును స్త్రీలకును ఆ యంత్రముతో ఎక్కుట నేర్పిరి. తెలంగాణ ప్రభుత్వము 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచమను పేర గీతపనివారికి భద్రతాసాధనములను పంచుట ఆరంభించెను. కొబ్బరిమ్రానుకై చేసిన యంత్రము, మొదట లావుగాను, మట్టల మొదళ్ళతో గరుకుగానునుండు తాటిమ్రానునకు ఉన్నదున్నట్లు సరిపడదు. అందుచే యంత్రముకంటె ముందుగా మనకు కావలసినది రెండవ త్రాడు. ఒకటి ఎక్కుటకు, ఒకటి పడకుండుటకు. మన తాటిచెట్లను తెలిసిన పనివారి సలహా తీసికొని, మన మ్రానులపై పరీక్షించి, అట్టి కట్టును చేయించి ఊరూర నిచ్చుట అసాధ్యమైన కార్యము కాదు.

కొందఱు పెద్దలు, "మా తాతలు ఏ కవచము కట్టిరి?" అని అడుగుదురు. నిజమే, కట్టలేదు. ఏ తాతలు పడిపోయిరో వారిప్పుడు మనకు సమాధానము చెప్పుటకు లేరు. క్రొత్తకట్టుతో ఎక్కుట ఆలస్యమను మాటయు వాస్తవమే. ఒక్కొక్క చెట్టుకు కొంతసేపు ఎక్కువ పట్టును. ఆ కాలమునకు కూలి యెవరిత్తురు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పనిదే ఎన్ని కవచములు పంచినను అవి ఇంటి దూలమునకే వ్రేలాడును. కావున ప్రతిఫలమును గూర్చి విచారింతము.

ప్రతిఫలము

మన ప్రాంతపు పంటలు ప్రత్తియు మిరపయు. మిరపకోతలకు కర్నూలునుండి సయితము కుటుంబములు తరలివచ్చుట మీరెఱుగుదురు. ఆ కూలివారి కష్టము మిక్కుటమైనదే. అయినను సాయంకాలమునకు వారి కూలి వారికి ముట్టును. కాయకు ధరలేదని కూలి తగ్గింప వీలులేదు. ఆ మిరపను పండించిన రైతు ధర నచ్చనిచో గుంటూరు శీతలగిడ్డంగిలో పెట్టుకొని నెలలకొలది వేచియుండగలడు. గీతపనివానికి ఈ రెండు వసతులును లేవు. అతనికి ఎక్కినందుకు కూలి లేదు, గీసినందుకు కూలి లేదు. కుండలో పడినదానికే ధర. రసము చెట్టుననుండగనే పులియ నారంభించును. ఉదయపు కల్లు ఉదయమే అమ్ముడు కావలెను. నిలువచేయుట లేదు, ధరకై వేచియుండుట లేదు. కొనువాడు ఆ సంగతి నెఱిగియే బేరమాడును.

ఆ వచ్చిన సొమ్ములో చెట్టు యజమానికి ఋతువునకింతయని చెల్లింపవలెను. మోకు, కత్తి, లొట్లు, సున్నము అన్నియు అతని ఖర్చే. చెట్టు కట్టుటకు ఆరంభించిన తరువాత రసము దిగువఱకు పట్టు దినములకు రాబడి లేదు. వానలు పడినది మొదలు మరుసటి ఋతువువఱకు చెట్టు కూడు పెట్టదు. అప్పుడతడు ప్రత్తితీతలకో, యార్డులో బస్తాలు మోయుటకో పోవును. ఇంక నింటియాలి సంగతి. లొట్లు కడుగుట, సున్నము పూయుట, ఎండలో కూర్చుండి అమ్ముట, బాకీలు వసూలు చేయుట ఆమె పనులే. ఏ లెక్కలోను ఆమె పేరు గీతపనివారిలో చేరదు. మగడు చెట్టునుండి పడి మంచము పట్టిననాడు ఆ సంసారము నీడ్చునది మాత్రము ఆమెయే.

ప్రభుత్వములు, పన్నులు, నిషేధములు

ఇంక ప్రభుత్వముల సంగతి. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము గీతకు అనుమతి, చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము అను కట్టుబాట్లను బిగించెను. పిమ్మట మద్యనిషేధము వచ్చెను. 1937 చట్టము ప్రకారము ఆ యేడు అక్టోబరు 1న సేలము జిల్లాలో మొదలై, నడుమ కొంతకాలము ఆగి, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించెను. త్రాగుడు మాన్పుట మంచి యుద్దేశమే కావచ్చును. కాని కుండను పగులగొట్టినవారు కుండ దింపువాని పొయ్యిని గూర్చి తగినంత విచారింపలేదు. గాంధిమహాత్ముని ప్రోత్సాహమున 1934లో వార్ధాయందు వెలసిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము తాటిబెల్లమును ఉపాధిగా చూపెను. అది సరియైన త్రోవయే. అయితే ఎనిమిది లీటర్ల తీపిరసమును కాచినగాని సుమారొక కిలో బెల్లము దిగదు. దానికి కట్టెలు, పెనము, ఓపిక, కొనువాడు కావలెను. ఆ యేర్పాటులు చాలక అనేకులు కూలికి పోయిరి. కొందఱు చాటుగా గీసి జైలుకు పోయిరి.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట ఎస్. వి. రామమూర్తి గారి అధ్యక్షతను నియమింపబడిన సంఘము నిషేధమును ఎత్తివేయుట మేలని చెప్పెను. సర్దార్ గౌతు లచ్చన్నగారి నాయకత్వమున గీతపనివారు సత్యాగ్రహము నడపిరి. 1954 నవంబరు 6న టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము అవిశ్వాస తీర్మానమున ఒక్క వోటు తేడాతో పడిపోయెను. దాని కారణములలో ఈ నిషేధపు సమస్య ప్రధానమైనది. పంతులుగారు మన ఒంగోలు సీమయందలి వినోదరాయునిపాలెమున జన్మించినవారు. మన జిల్లా 1972లో వారి పేరు దాల్చినది. ఆ మహనీయుని త్యాగమును గౌరవించుచునే, తాటిచెట్టుక్రింది బీదవాని ఆకలి ఎంతటి మంత్రివర్గమునైనను కదలింపగలదని ఆ నాటి సంఘటనము నేర్పుచున్నదని మనము చెప్పుకొనవచ్చును.

తరువాతి కాలమున 1968 ఎక్సైజు చట్టము, గీతపనివారి సహకారసంఘములు, చెట్టు గీయువానికే చెట్టు అను పద్ధతి వచ్చినవి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2022లో ప్రకటించిన గీతవిధానము కిస్తును రద్దుచేసి, చెట్టునుండి పడి మరణించినవాని కుటుంబమునకు ఇచ్చు సొమ్మును అయిదు లక్షలనుండి పది లక్షల రూపాయలకు పెంచెను. 2024లో వచ్చిన మద్యవిధానమున దుకాణములలో నూటికి పది గీతకులములకు ప్రత్యేకింపబడెను. ఇవి యన్నియు మన సంఘములు పోరాడి సాధించినవే. నేను తక్కువచేసి మాటలాడుట లేదు. అయినను ఒక్క సంగతి నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. మద్యపు దుకాణమును పెట్టుటకు పెట్టుబడి కావలెను. మోకు భుజమున వైచుకొని తెల్లవారకముందే పొలమునకు పోవువాని యొద్ద ఆ పెట్టుబడి లేదు. మనలో చెట్టెక్కువారు వేఱు, చెట్టుపేరు చెప్పి పైకెక్కువారు వేఱు. రెండవవారు బాగుపడుట తప్పుకాదు. మొదటివారిని మఱచిపోవుట తప్పు. కులము పేర వచ్చిన ప్రతి లాభమున ఒక పాలు త్రాడునకు రావలెను.

మఱియొక మాట. చెట్లు లేనిచోట కల్లు అమ్ముటయు, నీటిలో మత్తుమందు కలిపి కల్లని పిలుచుటయు కొన్నిచోట్ల జరుగుచున్నది. హైదరాబాదు కూకట్‌పల్లిలో 2025 జులైలో కల్తీకల్లు త్రాగి ప్రాణములు పోయిన దుర్ఘటనను పత్రికలలో చదివితిమి. అట్టి కల్తీని మనవారు చేసినను మనము సమర్థింపరాదు. ప్రాణమునకు తెగించి అసలు రసము దింపువానికి మొదటి శత్రువు ఆ కల్తీవాడే.

మ్రాను లేనిచో మోకేల?

చేనిగట్లమీది తాళ్ళు ఏటేట తగ్గుచున్నవి. నీడ పడి మిరప ఎదుగదని ఒకరు, ట్రాక్టరు తిరుగుటకు అడ్డమని ఒకరు, పిట్టలు చేరునని ఒకరు కొట్టించుచున్నారు. ఇటుకబట్టీవాడు కొనుటకు సిద్ధముగా నుండును. ఒక ఉదయమున పడిపోవు చెట్టును మరల గీతకు తెచ్చుటకు పదునైదేండ్లు పైన పట్టును. బాపట్ల, వేటపాలెము, చినగంజాము ఇసుకభూములలో తాటితోపులు గాలికి అడ్డుగోడలై నిలిచినవి. ముంజ, పండు, తేగ, ఆకు, నార, దూలము, బెల్లము అన్నియు నిచ్చు చెట్టది. తూర్పుకనుమలలోని పందిరిమామిడి ఉద్యానపరిశోధనా స్థానమువారు తాటిని గూర్చియు, దాని రసమును నిలువయుంచు విధములను గూర్చియు పరిశోధన చేయుచున్నారు. అచ్చటి విద్య మన గ్రామములకు రావలెను.

తమిళదేశమున తాటిచెట్టెక్కి బ్రదికిన నాడారులు 1910లో మహాజనసంఘమును స్థాపించుకొని, 1921లో తూత్తుకుడియందు తమ బ్యాంకును నెలకొల్పి, పాఠశాలలు పెట్టి వాణిజ్యమున పైకి వచ్చిరి. కేరళమున శ్రీ నారాయణగురువు మద్యవృత్తిని విడువుమని తనవారికి బోధించెను. మన యువకులలో పెక్కురు వృత్తిని విడిచి చదువులకు, ఉద్యోగములకు పోవుచున్నారు. పోనిండు, అది శుభమే. ఏ తండ్రియు తన కొడుకు మోకు పట్టవలెనని కోరుటలేదు. కాని పోలేనివారు, పోవుటకిష్టములేనివారు ఇంకను ఉన్నారు. వృత్తి విడిచినవానిని నిందింపవద్దు. నిలిచినవానిని విడువవద్దు. ఇదియే మన ధర్మము.

కర్తవ్యము

ఈ సభవారు ఆలోచించి ఆమోదింపవలెనని నేను అయిదు సూచనలు మనవి చేయుచున్నాను.

మొదటిది త్రాడు. ప్రతి గ్రామసంఘమును సంక్రాంతికి ముందు, గీత మొదలిడుటకు పూర్వమే, ఊరిలోని మోకులన్నింటిని ఒకచోట పఱపించి, అనుభవజ్ఞులగు ఇద్దఱు పెద్దలచేత పరీక్ష చేయింపవలెను. చూచిన తేదీని పుస్తకమున వ్రాయవలెను. పనికిరాని దానిని అక్కడనే రెండుగా కోసివేయవలెను; కోయనిచో అది మరల నడుమెక్కును. క్రొత్తదాని ఖర్చు సంఘము భరింపవలెను. రెండవ త్రాడు ప్రతివానికి చేరువఱకు ప్రభుత్వమును అడుగుట మానరాదు.

రెండవది పేరు. ప్రమాదము జరిగినపుడు అధికారి మొదట చూచునది కన్నీరు కాదు, కాగితము. సంఘపు పట్టికలోను అనుమతిపత్రములోను పేరులేక, బావమరిది చెట్లను, అన్నగారి చెట్లను గీయువారనేకులు గలరు. అట్టివాడు పడినచో ఆ ఇంటియాలు కార్యాలయముల చుట్టు తిరుగుటయే మిగులును. గీతకాలమునకు ముందే ప్రతి గీతపనివాని పేరు, అతని వారసురాలి పేరు పట్టికలో చేర్పింపుడు. దుర్మరణము సంభవించినచో పోలీసులకు తెలుపుట, శవపరీక్ష చేయించుట దుఃఖసమయమున కఠినముగా తోచినను, పిల్లల భవిష్యత్తు నిమిత్తము చేయక తప్పదు.

మూడవది ప్రథమచికిత్స. చెట్టునుండి పడినవానిని మన మమకారముకొలది చంకలక్రింద చేతులు వేసి లేవదీయుదుము, కూర్చుండబెట్టి నీరు త్రాగింతుము. వెన్నెముక విఱిగినవానికి ఈ మమకారమే శాపము. విఱిగిన యెముక కదలి నరమును తెంచినచో కాళ్ళు శాశ్వతముగా పడిపోవును. అతనిని కదలింపక, తలయు మెడయు నడుమును ఒకే వరుసలోనుంచి, 2005 నుండి మన రాష్ట్రమున నున్న 108 వాహనమును పిలువవలెను. తప్పనిసరియై కదలింపవలసినచో పలుగురు కలిసి, వెడల్పు బల్లమీదికి నిటారుగా చేర్చి మోయవలెను. ఈ ఒక్క మాట ప్రతి ఇంటికి చేరినను నేను వచ్చిన ప్రయాస సఫలమగును.

నాలుగవది లెక్క. చెట్టు యజమానితో ఒడంబడిక వ్రాతమూలముగ నుండవలెను. దినదినము దింపిన లొట్లు, అమ్మిన ధర, ఇచ్చిన బాకీ ఒక పుస్తకమున ఎక్కవలెను. మన బడిపిల్లలు ఈ సాయము చేయగలరు. లెక్క లేనివాడు కూలి పెంపును అడుగలేడు. సంఘము చెట్టు కట్టు దినములకును, ఖాళీమాసములకును కొంత నిధి నేర్పఱచి, అప్పులవానినుండి వారిని కాపాడవలెను.

అయిదవది విద్య. అరువది అడుగుల ఎత్తున ఒక్కచేత పట్టుకొని రెండవచేత కాగితపుపొర తీయగలవాని నేర్పు పట్టణములకును కావలెను. విద్యుత్తీగలకు తగులు కొమ్మలు, ఇండ్లమీదికి వంగిన చెట్లు, గాలివానకు చీలిన మ్రానులు, కొబ్బరితోటలు: వీనియందు దినవేతనముతో చేయదగిన పని గలదు. అక్కడ కుండను చూచి కాక, ఎక్కినందుకే కూలి యిత్తురు. మన యువకులకు రెండుత్రాళ్ళ పద్ధతిని, రంపపు పనిని నేర్పి, యోగ్యతాపత్ర మిప్పించినచో, గీత లేని మాసములలో వారికి గౌరవమైన జీవనము లభించును. వీనితోపాటు, ప్రతి గ్రామసంఘమును ఏటేట వానకాలమున చెఱువుగట్టులమీదను, కాలువగట్టులమీదను తాటిటెంకలు పాతింపవలెను. వాని రసమును మనము దింపక, మన మనుమలు ముంజలు తినినను చాలును.

సోదరులారా! ఈ సంచికను చదువువారిలో చెట్టెక్కువారు కొందఱే యుందురు. చెట్టెక్కినవారి కొడుకులును మనుమలును పెక్కురుందురు. మన చదువుల వెనుకను, మన యిండ్ల పునాదులక్రిందను ఎవరో ఒకరి మోకు ఉన్నది. ఆ ఋణము సన్మానపత్రములతో తీరునది కాదు. రాబోవు సంక్రాంతికి ముందు ఒక్కొక్కరు తమ స్వగ్రామమునకు పోయి, ఎన్ని మోకులున్నవో, ఎన్ని పాతవో, ఎందఱి పేర్లు పట్టికలో లేవో విచారించి, ఆ లెక్కను సంఘకార్యాలయమునకు పంపగోరుచున్నాను. వచ్చు మహాసభయందు మొదటి అంశముగా ఆ లెక్కనే చదువవలెనని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాను.